ముందు అమ్మాయిలొచ్చారు, గదులు తర్వాత వచ్చాయి

(కొత్తగా చేరిన డిగ్రీ, పీజీ విద్యార్థినుల పరిచయ సభలో ఒక విశ్రాంత ఆచార్యురాలు, మాజీ వార్డెన్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందుగా ఒక ప్రశ్న. మీలో హాస్టల్లో ఉంటున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం పైనే ఉన్నారు, మంచిది. దించకండి, ఇంకో ప్రశ్న ఉంది. ఆ హాస్టల్ లేకపోయినా సరే, ఇంత దూరం పంపించి ఈ కోర్సులో చేర్పించడానికి మీ ఇంట్లో ఒప్పుకునేవారా? ఒప్పుకునేవారు అనుకున్నవాళ్లు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి. చూడండి ఎన్ని చేతులు దిగిపోయాయో. మీరే ఒకసారి చుట్టూ చూడండి.

దిగిపోయిన ఆ చేతుల గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది.

యూనివర్సిటీ చరిత్ర రాసేటప్పుడు వైస్ చాన్సలర్ల పేర్లు రాస్తారు, శంకుస్థాపనలు రాస్తారు, ఫలానా శాఖ ఎప్పుడు మొదలైందో రాస్తారు. హాస్టలు, బాత్రూము, బస్సు, డాక్టరమ్మ, ఫిర్యాదు తీసుకునే కమిటీ, ఇవి చరిత్రలో ఎక్కడా కనబడవు. ఆడపిల్లల చదువుకు సంబంధించినంతవరకు అసలు చరిత్ర వీటిలోనే ఉంది. నా అనుభవం మీద, చదివినదాని మీద ఒక మాట చెప్తాను. మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి. సౌకర్యాలన్నీ సిద్ధం చేసి, రండమ్మా చదువుకోండి అని మనల్ని ఎవరో పిలిచింది చాలా తక్కువ. ముందు అమ్మాయిలొచ్చారు. వచ్చి, లేనిదాంట్లో ఇబ్బంది పడి, అడిగి, పోట్లాడి, కొన్నిచోట్ల తామే ఏర్పాటు చేసుకుని చూపించారు. గదులు తర్వాత వచ్చాయి.

దీనికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినని వాళ్లున్నారా? పేరు విని ఉంటారు, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది కదా. రాజమండ్రిలో 1909లో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి చేశారు, కొంచెం పెద్దయ్యాక ఆ పెళ్లి తనకొద్దని బయటికొచ్చేశారు. పిల్లగా ఉన్నప్పుడే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. జైలు నుంచి వచ్చాక, చదువు మీద పడ్డారు. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్స్ చదవాలనుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు మారింది. అప్పటికి ఇంకా కొత్తది. కట్టమంచి రామలింగారెడ్డి గారు వైస్ చాన్సలర్. ఆయనేమీ ఛాందసుడు కాదు, విద్వాంసుడు, ఆధునికుడు. అలాంటాయన ఈవిడకు చెప్పిన అభ్యంతరం ఏమిటో తెలుసా? ఆడపిల్లలకు హాస్టల్ లేదు, చేర్చుకోవడం కష్టం అని.

ఈ మాట కొంచెం ఆగి వినండి. నువ్వు ఆడదానివి, చదువు నీకెందుకు అనలేదు. నీకు తెలివి లేదు అనలేదు. హాస్టల్ లేదన్నారు. ఎంత సమంజసంగా ఉందో చూడండి! ఎవరూ కాదనలేని కారణం. ఈ కారణాన్ని నా ఉద్యోగ జీవితమంతా వింటూనే ఉన్నాను. ఫీల్డ్ వర్క్‌కి తీసుకెళ్దామంటే అక్కడ ఆడవాళ్లు ఉండే వసతి లేదు. ల్యాబు రాత్రి తొమ్మిది దాకా తెరుద్దామంటే తోడు పంపడానికి మనిషి లేరు. వసతి లేదు కాబట్టి మీరు రావద్దు. మీరు రావట్లేదు కాబట్టి వసతి ఎవరి కోసం కట్టాలి? ఎక్కడ మొదలుపెట్టాలి చెప్పండి?

దుర్గాబాయమ్మ ఏం చేశారంటే, పత్రికలో ప్రకటన వేశారు. చదవాలని ఉండి, హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే నాకు రాయండి అని. పదిమంది దాకా ముందుకొచ్చారు. వాళ్లందరూ కలిసి ఉండటానికి ఒక చోటు చూసి, తామే హాస్టల్ మొదలుపెట్టి, అప్పుడు సీటు అడిగారు. ఇక కాదనడానికి ఏముంది? చేరారు, ఆనర్స్ పూర్తి చేశారు, మద్రాసు వెళ్లి లా చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఆ ప్రకటనకు జవాబు రాసిన అమ్మాయిల సంగతి ఆలోచించండి. ఒక్కొక్కళ్లు ఒక్కో ఊళ్లో, తనొక్కదానికే ఈ కష్టం అనుకుంటూ కూర్చుని ఉంటారు. హాస్టల్ లేకపోవడం పదిమంది సమస్య అని తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి. ఆ అడగడమే నా లెక్కలో మన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థినుల కోసం జరిగిన మొదటి పెద్ద పని. తర్వాత ఆవిడ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. 1958లో కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేస్తే దానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. వాల్తేరులో తలుపు దగ్గర ఆగిపోవలసి వచ్చిన మనిషే తర్వాత దేశమంతటికీ తలుపులు ఎలా తెరవాలో చెప్పే చోటికి వెళ్లారు.

అంటే ముందుగా కట్టి పెట్టిన చోట్లు అసలు లేవా? ఉన్నాయి. మద్రాసులో 1914లో ప్రభుత్వం ఆడపిల్లలకంటూ కాలేజీ పెట్టింది. తర్వాత క్వీన్ మేరీస్ అయింది, మెరీనా ఒడ్డునే. మనకంటూ యూనివర్సిటీ లేని రోజుల్లో బి.ఎ. చదవాలనుకున్న తెలుగు ఆడపిల్లలకు మద్రాసే దిక్కు. మరి మద్రాసులో చుట్టాలు లేనివాళ్లు, హాస్టల్ ఖర్చు పెట్టుకోలేనివాళ్లు? వాళ్ల పేర్లు మనకు తెలియవు.

హైదరాబాద్ కథ వేరు. ఉస్మానియా 1918లో మొదలైంది. 1924లో నాంపల్లి ఆడపిల్లల బడిలోనే కాలేజీ తరగతులు మొదలుపెట్టారు. పర్దా పాటించే ఇళ్ల పిల్లలు బయటికి రావాలంటే బండికి తెర కట్టాలి. కాబట్టి అక్కడ చదువుకు మొదటి సౌకర్యం గది కాదు, బండి. 1949లో ఆ కాలేజీ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి మారింది. ఆ ఎత్తైన స్తంభాలు, ఆ మెట్లు చూశారా మీరు? నిజాం ఆస్థానాన్ని అదుపులో పెట్టడానికి ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, కిర్క్‌పాట్రిక్ కట్టించుకున్న భవనం. 1857లో తుర్రేబాజ్ ఖాన్ దాడి చేసింది దాని మీదే. అదే భవనంలో దశాబ్దాల పాటు ఆడపిల్లలు పాఠాలు విన్నారు. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. హైదరాబాద్ వెళ్లినప్పుడు తప్పకుండా చూసిరండి.

సరే, అందరూ ఆడపిల్లల కాలేజీల్లోనే చదవలేదు కదా. మగపిల్లల కోసం కట్టిన కాలేజీల్లో చేరినవాళ్ల సంగతేమిటి? నేను డిగ్రీ చదివింది అలాంటి చోటే. 1970ల్లో, కోస్తాలో ఒక చిన్న ఊరు. మాకు లేడీస్ వెయిటింగ్ రూమ్ అని ఒకటుండేది. ఆఫీసు పక్కన ఒక గది, రెండు బెంచీలు, మూలన మంచినీళ్ల కుండ, కిటికీకి సగం దాకా ఆకుపచ్చ తెర. క్లాసుకి, క్లాసుకి మధ్య మేము అందులోనే ఉండాలి. లెక్చరర్ గారు వరండాలో వస్తుంటే లేచి, ఆయన వెనకాలే వరసగా క్లాసులోకి వెళ్లి ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లం. పాఠం అయ్యాక ఆయన వెనకాలే మళ్లీ గదిలోకి. లైబ్రరీకి వెళ్లాలంటే అటెండరుతో చీటీ పంపాలి. పుస్తకమే మా గదికి వచ్చేది. మీకు వింతగా ఉంది కదూ? మాకప్పుడు వింతగా లేదు. ఆ గది ఉన్నందుకు సంతోషించేవాళ్లం, ఎందుకంటే ఆ గదికి వెనక ఒక బాత్రూము ఉండేది. కాలేజీ మొత్తానికి ఆడపిల్లలు వాడుకోగలిగింది అదొక్కటే. దాని గడియ సరిగా పడేది కాదు. ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట కాపలా. నెలసరి రోజుల్లో చాలామంది కాలేజీకే వచ్చేవాళ్లు కాదు. అటెండెన్స్ పోయేది. ఎందుకు రాలేదంటే జ్వరం అని రాసేవాళ్లం.

బాత్రూముల గురించి ఇంత సేపు మాట్లాడుతున్నానేమిటి అనుకోకండి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. స్వాతంత్ర్యం రాగానే, 1948లో, విశ్వవిద్యాలయాల మీద కమిషన్ వేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షుడు. ఆయన అంతకుముందు 1931 నుంచి 36 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా చేసినవారే. 1949లో వచ్చిన ఆ నివేదికలో స్త్రీ విద్య అధ్యాయంలో పెద్ద పెద్ద మాటలతో పాటు ఒక చిన్న సిఫార్సు ఉంది. మగవాళ్ల కోసం కట్టిన కాలేజీల్లో ఇప్పుడు ఆడవాళ్లు ఎక్కువగా చేరుతున్నారు, వాళ్లు మర్యాదగా మెలగడానికి కావలసిన మామూలు వసతులు ఏర్పాటు చేయండి అని. అంటే వసతులు లేవని ప్రభుత్వానికి 1949లోనే తెలుసు. నేను గడియ పడని తలుపు ముందు కాపలా కాసింది ఆ తర్వాత పాతికేళ్లకు. మీ కాలేజీల్లో ఇప్పుడెలా ఉందో మీకు తెలుసు. నేను అడగను, మీరే చెప్పుకోండి.

ఇక హాస్టల్ కట్టారు. కట్టి, తాళం వేశారు.

ఇది కొంచెం కష్టమైన భాగం. జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ఇక్కడున్న తల్లిదండ్రులు. నేను చాలా ఏళ్లు వార్డెన్‌గా చేశాను, నాకు రెండు వైపులా తెలుసు. గేటు దగ్గర ఔట్ రిజిస్టరు. పేరు, రూమ్ నంబరు, ఎక్కడికి, ఎవరితో, వెళ్లిన టైము, వచ్చిన టైము, సంతకం. సాయంత్రం ఆరుకో, ఆరున్నరకో గేటు మూత. విజిటర్స్ ఆదివారం మాత్రమే, అదీ లోకల్ గార్డియన్ కార్డు మీద ఫొటో అంటించి ఉంటేనే. నా ముందు తరం వార్డెన్లు ఉత్తరాలు కూడా విప్పి చదివేవారు. ఇదంతా ఎవరి కోసం? పిల్లల కోసమా? సగం నిజం. మిగతా సగం, ఇంట్లోవాళ్ల భరోసా కోసం. ఆడపిల్లను పంపాలంటే ఇల్లు ఏ షరతులు పెట్టేదో ఆ షరతులన్నీ హాస్టల్ తన మీద వేసుకుంది. ఆ షరతులు లేకపోతే ఆ తరంలో చాలామంది వచ్చేవాళ్లే కాదు, అది ఒప్పుకోవాలి. కానీ లైబ్రరీ రాత్రి పది దాకా తెరిచి ఉంటే, మగపిల్లలు పది దాకా చదువుకుని, మన పిల్లలు ఆరింటికే పుస్తకం మూసి పరుగెత్తుకొస్తే, ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో చదివినట్టేనా? ఫీజు ఒకటే కదా?

ఇంకో సంగతి. గేటు మూసినా గేటు బయట జరిగేది ఆగలేదు. బస్టాపులో మాటలు, కారిడార్లో చేతులు, ల్యాబులో గైడుగారి వేళాకోళాలు. ఎవరితో చెప్పాలి? 1974లో హైదరాబాద్‌లో, ఉస్మానియా చుట్టూ ఉన్న విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ అని సంఘం పెట్టుకున్నారు. ఈవ్ టీజింగ్ మీద, కట్నం మీద, ధరల పెరుగుదల మీద రోడ్డెక్కారు. ఏడాది తిరిగేసరికి ఎమర్జెన్సీ, అరెస్టులు, చెదిరిపోయారు. ఉన్నది కొద్దికాలమే అయినా, అల్లరి అని తీసిపారేసే విషయాన్ని వీధిలో నిలబడి అన్యాయం అన్నారు. ఇదీ అంతే, కమిటీ కన్నా ముందు అమ్మాయిలొచ్చారు.

యూనివర్సిటీల్లో కమిటీ అనేది రావడానికి 1997 దాకా పట్టింది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త, బాల్యవివాహం ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ ఘటన నుంచి పుట్టిన కేసులో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. విశాఖ అంటే ఇక్కడ ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు కమిటీ ఉండాలంది. ఢిల్లీ జేఎన్‌యూలో 1999లో విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు ఎన్నుకున్న సభ్యులతో జీఎస్‌క్యాష్ అనే కమిటీ వచ్చింది. దేశంలో చాలామంది దాన్నే నమూనాగా చూశారు. 2017లో దాన్ని తీసేసి వేరే కమిటీ పెట్టారు, అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు గట్టిగా వ్యతిరేకించారు. వచ్చిన సౌకర్యం పోదనేమీ లేదు, అందుకే చెప్తున్నాను.

విశాఖ తీర్పుకు ముందు నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ. విషయం చెప్పను, ఊరూ చెప్పను. ఆ అమ్మాయి ఫిర్యాదు రాసిన కాగితం నా దగ్గర నుంచి శాఖాధిపతికి, అక్కణ్ణుంచి పైకి, పైనుంచి మళ్లీ నా టేబుల్ మీదికి వచ్చింది. దాని మీద ప్రతి ఒక్కరూ చూశాం అని సంతకం పెట్టారు. ఏం చేయాలో ఎవరూ రాయలేదు. ఎందుకంటే ఏం చేయాలో చెప్పే నియమమే లేదు. ఆ అమ్మాయి కోర్సు మానేసింది. 2013లో పని చేసే చోట లైంగిక వేధింపుల మీద చట్టం వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ కాగితమే.

2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత యూజీసీ, అంటే యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, సక్షమ్ అనే టాస్క్‌ఫోర్స్ వేసింది, 2013లో నివేదిక వచ్చింది. దాని వెనక 2015 యూజీసీ నిబంధనలు, 2016 మేలో అవి గెజిట్‌లోకి ఎక్కాయి. దయచేసి ఆ నిబంధనలు చదవండి. మీకు ఫోన్లున్నాయి, ఇవాళే చదవండి. అందులో ఏముందో కొంచెం చెప్తాను. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకు మగపిల్లలతో పోలిస్తే వివక్ష చూపే నియమాలు పెట్టకూడదు అని ఉంది. అవును, అలాగే ఉంది. హాస్టల్‌కి, లైబ్రరీకి, ల్యాబుకి మధ్య నమ్మకంగా నడిచే రవాణా ఉండాలని ఉంది. వీధి దీపాలు ఉండాలని ఉంది. ఆరోగ్య కేంద్రంలో గైనకాలజిస్టు సేవ అందాలని ఉంది. పూర్తికాలం కౌన్సెలర్ ఉండాలని ఉంది. చదువు టెన్షన్, ఇంటి టెన్షన్, పెళ్లి సంబంధాల టెన్షన్, ఇవన్నీ రూమ్‌మేట్‌తో చెప్పుకుని ఏడ్చి ఊరుకునే రోజులు పోవాలనే కదా. అయితే 2015లోనే ఢిల్లీలో అమ్మాయిలు పింజ్రా తోడ్, అంటే పంజరం బద్దలుకొట్టు, అంటూ హాస్టల్ గేట్ల ముందు కూర్చోవలసి వచ్చింది. కాగితం మీద మాట గేటు దాకా రావాలంటే మళ్లీ మనుషులే కావాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఎస్సీ విద్యార్థుల కోసం 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, తర్వాతి సంక్షేమ హాస్టళ్లు లేకపోతే నా విద్యార్థినుల్లో చాలామంది క్లాసు గడప తొక్కేవాళ్లు కాదు. ఊళ్లో అద్దెగది అడిగితే ముందు కులం అడుగుతారు. బయట గది దొరకని పిల్లకు హాస్టల్ సౌకర్యం కాదు, అదే చదువు. స్కాలర్‌షిప్ ఆలస్యమై మెస్ బిల్లు కట్టలేదని హాల్‌టికెట్ ఆపితే ముందు ఇంటికి తిరిగి వెళ్లేది అమ్మాయే. అబ్బాయి ఏదో పని చూసుకుని నిలబడతాడు. అమ్మాయికి సంబంధం చూస్తారు.

తల్లులైన విద్యార్థినుల సంగతి ఇంకా కొత్త. మా రోజుల్లో పీహెచ్‌డీ మధ్యలో బిడ్డ పుడితే రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయేది, అంతే. 2016 యూజీసీ నిబంధనల్లో పరిశోధన చేసే స్త్రీలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, పీహెచ్‌డీకి రెండేళ్లు అదనపు గడువు ఇచ్చారు. కేరళలో 2023 జనవరిలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం నెలసరి కారణంగా అటెండెన్స్‌లో రెండు శాతం మినహాయింపు ఇచ్చింది. విద్యార్థి సంఘం అడిగితేనే వచ్చింది అది. వెంటనే ఆ రాష్ట్రంలో మిగతా యూనివర్సిటీలకూ ఇచ్చారు. జ్వరం అని అబద్ధం రాసిన మా తరానికి ఆ వార్త చదివితే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు దేశంలో ఉన్నత విద్యలో చదువుతున్నవాళ్లలో దాదాపు సగం మంది అమ్మాయిలు. 2020-21 ప్రభుత్వ సర్వేలో 49 శాతం, రెండు కోట్ల పైచిలుకు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వందకు పది పన్నెండు మంది. ఇంతమంది వచ్చేశారు కాబట్టి ఇక అంతా సరిపోయిందా? మీ క్యాంపస్‌లో పాలిచ్చే తల్లి కూర్చునే గది ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా? చెప్పండి, మైకు ఇస్తాను. ఎవరూ లేరు. రాత్రి ల్యాబు నుంచి హాస్టల్‌కి బస్సు ఎన్నింటికి? అదీ తెలియదు.

చివరగా మీరు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. అంతర్గత ఫిర్యాదుల కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన విషయమైతే, ముగ్గురు విద్యార్థి సభ్యులు ఉండాలి. డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధన నుంచి ఒకరు. వాళ్లను ఎన్నుకోవాలి, నామినేట్ చేయడం కాదు. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. రిజిస్ట్రార్, డీన్ లాంటి పదవుల్లో ఉన్నవాళ్లు అందులో ఉండకూడదు. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. ఇక్కడి నుంచి బయటికెళ్లేటప్పుడు ఆఫీసు పక్క నోటీసు బోర్డు చూడండి. అందులో ఆ పేర్లున్నాయో లేదో, విద్యార్థి సభ్యుల ఎన్నిక ఎప్పుడు జరిగిందో రాసుకోండి. లేకపోతే ప్రిన్సిపాల్ గారికి నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టి అడగండి. ఒక్కరే వెళ్లొద్దు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, హాస్టల్ టైమింగ్స్ గురించి ఆ చివర కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది, ముందు తనకివ్వండి మైకు.